రాత్రి మనిషి

"ఆ పాత దుప్పటి వద్దు, కొత్తది తియ్యి. రాత్రంతా ఆవిడ దానిమీద పడుకోవాలి" అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటూ.

ఆమె చేతిలోని దుప్పటిని మళ్ళీ మడిచింది. అది మరీ పాతదేం కాదు. ఒక మూల చిన్న చిరుగుంటే తనే కుట్టింది, పనిగట్టుకుని వెతికితే తప్ప కనపడదు. బీరువా పై అరలో ప్లాస్టిక్ కవరైనా విప్పని దుప్పటి ఒకటుంది, చుట్టాలొస్తే తీద్దామని దాచింది. చుట్టాలొచ్చారు, పోయారు, కవరు చింపేంత చుట్టాలెవరూ కాదనిపించి అది అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆ నీలం పూల దుప్పటిని మంచం మీద పరిచి, మూలలు పరుపు కిందకి దోపుతుంటే కడుపులో సన్నగా మంట మొదలైంది. ఆకలి మంట కాదని ఆమెకి తెలుసు. ఇది అచ్చమైన కుళ్ళు. ఇంకా మొహమైనా చూడని మనిషి మీద కుళ్ళు.

ఆ గది భర్తది, పేరుకి ఆఫీసు గది. వెలుతురొచ్చే కిటికీ ఉంది, మంచి మంచం ఉంది, తలుపుకి లోపల గడియ ఉంది. ఒకప్పుడు ఆమె అడిగింది, హాల్లో దివాన్ మీద నడుం పట్టేస్తోంది, ఆ గదిలో పడుకోనా అని. "అందులో నా కాగితాలున్నాయిగా. నీ వెనకాలే మొద్దుగాడూ వస్తాడు, వాడొస్తే ఒక్క కాగితమైనా మిగులుతుందా? పైగా నువ్వెళ్ళి అందులో పడుకుంటే అమ్మ పిలుపు నీకెలా వినపడుతుంది?" అన్నాడాయన. సబబే కదా అనుకుంది. నిన్న సాయంత్రం ఆ కాగితాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కి మంచం కిందకి వెళ్ళిపోయాయి. ఆమె పెట్టిన కాఫీ చల్లారేలోపు గది ఖాళీ. ఇంత సులువైన పనికి ఇన్నేళ్ళు ముహూర్తం కుదరలేదన్నమాట.

మొద్దు ఆ ఇంటి కుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా నిద్రపోతుండేవాడని కూతురు పెట్టిన పేరు. ఇప్పుడు కూతురు కాలేజీకి వచ్చింది, మొద్దుకి ముసలితనం వచ్చింది. అప్పుడప్పుడూ వాడికి రాత్రిపూట ఫిట్స్ వస్తాయి. అప్పుడు పక్కన మనిషుండి, చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, దీపం తగ్గించి, వాడు తేరుకునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి ఆమె. అందుకే హాల్లో దివాను. దానిమీంచి చూస్తే ఇటు మొద్దు పరుపు, అటు అత్తగారి గది తలుపు. చెరో వైపు చెరో చెవి పడేసి నిద్రపోవడం ఎంత అలవాటైపోయిందంటే, వంటింట్లో కుళాయి బొట్టు రాలినా లేచి కూర్చుంటుంది.

మొద్దు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లోవాళ్ళు సముద్రం చూశారు, అడవి చూశారు, మంచు కూడా చూశారు. ఆమె వాటి ఫోటోలు చూసింది. "నువ్వు ఇంట్లో ఉన్నావంటే మాకు ఏ బెంగా ఉండదు" అనేవాడు భర్త బూట్లు వేసుకుంటూ. మొదట్లో అది మెప్పులాగే వినపడింది. మెప్పు కోసం మనిషి ఎంత చాకిరీ అయినా చేస్తుంది, అందులోనూ ఎప్పుడో తప్ప దొరకని మెప్పు కోసం.

ఈసారి మాత్రం ఆమె కూడా వెళ్ళాలి. ఆడపడుచు కొండ మీది ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని వారం రోజులుందురు గాని రమ్మని అందర్నీ పిలిచింది. అత్తగారికి ఈమధ్యే మోకాలి ఆపరేషనైంది, ఒకరు చెయ్యి పట్టుకోందే బాత్రూముకి వెళ్ళలేరు. "నువ్వు రాకపోతే అక్కడ అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు భర్త. ఆమె పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో సెలవడిగితే యజమాని నవ్వాడు. "మీకేమండీ, హాయిగా కొండ గాలి" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. అక్కడైనా ఇక్కడైనా తను పీల్చబోయేది ఏ గాలో ఆయనకి విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది.

మరి మొద్దు సంగతేంటి అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, భోజనాల దగ్గర. ఎవరైనా పగలు రెండుసార్లు వచ్చి తిండి పెట్టి, అలా బయట తిప్పి తీసుకొస్తే చాలని ఆమె అంది. రాత్రిపూట పరాయి మనిషి మనింట్లో ఎందుకంది. మిగతా ముగ్గురూ ఒక్కటై ఆమె మీద పడ్డారు.

"రాత్రి ఫిట్స్ వస్తే? అసలు వాడికి వచ్చేదే రాత్రి" అంది కూతురు.

"వారం రోజులు ఇల్లు చీకటిగా ఉంటే దొంగలకి మనమే కబురు పెట్టినట్టు" అన్నాడు భర్త.

"ఇంటికి రాత్రిపూట మనిషి అలికిడి ఉండాలే. పగటి మనిషి వచ్చి పోతుంది, రాత్రి మనిషి ఉంటుంది. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు అత్తగారు. వచ్చే ఆవిడకి రాత్రి మనిషి అన్న పేరు అలా పడింది.

"రాత్రంతా ఉండటమంటే ఊరికే పడుకోవడం కాదమ్మా, పెద్ద బాధ్యత. నిద్రలో కూడా డ్యూటీలో ఉన్నట్టే లెక్క" అని కూతురు ముగించింది.

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంత చక్కగా చెప్పింది పిల్ల. తల్లి గురించి ఎప్పుడైనా ఇలా చెప్పిందా అంటే, లేదు. తల్లి హాల్లో పడుకుంటుంది, అంతే. గోడ నిలబడుతుంది, కుర్చీ కూర్చుంటుంది, అమ్మ హాల్లో పడుకుంటుంది. ఆ రోజు అంట్లు తోముతూ ఆమె ఇంకో సంగతి ఆలోచించింది. రాత్రి మనిషి అక్కర్లేదని తనే నెగ్గితే, ఇన్నేళ్ళూ తను ఆ సముద్రాలూ మంచూ ఎందుకు వదులుకున్నట్టు? అక్కర్లేని కాపలా కాసినట్టేగా. కావాలని వాళ్ళు నెగ్గితే, ఇన్నేళ్ళూ తను చేసింది ఒక పని, పేరున్న పని, బయటి మనిషిని డబ్బిచ్చి, బతిమాలి పిలిపించుకునేంత పని. ఎటు తిప్పినా తనకే నష్టం. అయినా అక్కర్లేదనే ఎందుకు పట్టుబట్టిందో కూడా ఆమెకి తెలుసు. తన చోటులోకి ఇంకొకరు రావడం, వచ్చి తనకన్నా బాగా ఉండటం, ఆ రెండూ చూడలేక.

రాత్రి మనిషి సాయంత్రం వచ్చింది. ఈమె వయసే ఉంటుంది. భుజానికి ఒక సంచి, చంకలో ఒక దిండు. "దిండు మాత్రం నాదే తెచ్చుకుంటానండీ, లేకపోతే నిద్ర పట్టదు" అంది ఏ మొహమాటమూ లేకుండా. భర్త ఎదురెళ్ళి ఆ సంచి అందుకున్నాడు. బజారు సంచులతో మెట్లెక్కి వచ్చే పెళ్ళాన్ని చూసి పాలు తెచ్చావా అని అడిగే మనిషి, పరాయి ఆవిడ చేతిలోంచి సంచి అందుకుని "అయ్యో, బరువు" అన్నాడు. అత్తగారు మెత్త వేసిన తన సొంత కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"నాదొక పద్ధతండీ" అంది రాత్రి మనిషి. "ఒప్పుకునే ముందు ఒక్క రాత్రి మీరంతా ఉండగా ఉంటాను. పగలు చూస్తే ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. రాత్రి ఎలా ఉంటుందో పడుకుంటేనే తెలుస్తుంది. నచ్చకపోతే పొద్దున్నే చెప్పేసి వెళ్ళిపోతాను."

"మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు భర్త. ఇల్లు నచ్చకపోతే చెప్పి వెళ్ళిపోవచ్చన్న ఆ మాట ఆమె చెవిలో చాలాసేపు మోగింది. తను ఈ ఇంటికొచ్చినప్పుడు ఒక్క రాత్రి ఉండి చూస్తానంటే ఎలా ఉండేదో అనుకుంది, నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఆ మంట మళ్ళీ వచ్చింది.

మొద్దుకి మాత్ర వేసే వేళైంది. వాడికి మాత్రంటే ప్రాణసంకటం. అరటిపండు ముక్కలో దూర్చి, నేల మీద కూర్చుని, బుజ్జగించి, బతిమాలి, ఉమ్మేసినదాన్ని ఏరి మళ్ళీ దూర్చి, ఆమెకి రోజూ అదొక యజ్ఞం. "ఏం ఫర్వాలేదు, చేత్తో ఇస్తే మింగేస్తాడు" అని అబద్ధం చెప్పింది రాత్రి మనిషికి. చెప్పి తలుపు పక్కన నిలబడి చూసింది, ఆవిడ చెయ్యంతా ఎంగిలి చేసి ఉమ్మేస్తాడు, అప్పుడు అందరికీ తెలిసొస్తుంది అనుకుంటూ. రాత్రి మనిషి మాత్ర అరచేతిలో పెట్టి చాచింది. మొద్దు దాన్ని నాకి, మింగి, ఇంకేమైనా ఉందా అన్నట్టు తోకూపాడు. అరటిపండు లేదు, బుజ్జగింపు లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ముసలి వెధవ, ఒక్క రాత్రికి వచ్చిన మనిషి దగ్గర ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకున్నాడు.

"చూశావా, నువ్వు అనవసరంగా గారాం చేసి పాడు చేశావు వాణ్ణి" అన్నాడు భర్త.

ఆమె మాత్రల డబ్బాకి మూత పెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

"రాత్రిళ్ళు వీడి దగ్గర ఎవరు పడుకుంటారండీ?" అడిగింది రాత్రి మనిషి. "వాళ్ళ చోటులోనే నేనూ పడుకుంటాను. లేచి చూస్తే అలవాటైన చోట మనిషి కనపడాలి, లేకపోతే కంగారుపడతాడు."

"అందరం చూసుకుంటామండీ, వాడు మా ఇంట్లో మనిషి కిందే లెక్క" అన్నాడు భర్త. మొద్దు మాత్రం నడుచుకుంటూ వెళ్ళి దివాను కాళ్ళ దగ్గర, రోజూ పడుకునే చోట, నేల మీద చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. రాత్రి మనిషి వెళ్ళి దివాను మీద కూర్చుంది. అటూ ఇటూ కదిలింది. పట్టెల మధ్య పరుపు కుంగిన చోట అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది.

"దీనిమీద నేను పడుకోలేనండీ. నడుం విరుగుతుంది. దీనిమీద ఎవరూ పడుకోలేరు" అంది.

"అయ్యయ్యో, దానిమీద మీరెందుకు పడుకుంటారండీ" అన్నాడు భర్త కంగారుగా. "మీకు గది సిద్ధం చేయించాను కదా. మొద్దుగాడి పరుపు కూడా అందులోనే వేద్దాం. ఏం ఫర్వాలేదు, వాడలవాటు పడిపోతాడు."

ఎవరూ పడుకోలేరు. హాల్లో ఉన్న నలుగురిలో ఒక్కరైనా ఆమె వైపు చూస్తారేమోనని ఆమె ఎదురుచూసింది. కూతురు మొద్దు పరుపు ఎత్తింది. భర్త మంచం కింది పెట్టెలు మొద్దుకి అందకుండా బీరువా పైకి ఎక్కించాడు. అత్తగారు "కిటికీ వేసుకోమ్మా, చలిగాలి" అన్నారు. వాళ్ళంతా మంచివాళ్ళు. మనిషికి నడుం ఉంటుందని, నిద్ర కావాలని, చలి వేస్తుందని అందరికీ తెలుసు. తెలియదేమో, తెలియక చేశారేమో అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్న మాట ఇక మీద చెల్లదు. అంత కుళ్ళు ఆమె జన్మలో ఎరగదు. రాత్రి మనిషి దుప్పటి మీద కుళ్ళు, దిండు మీద కుళ్ళు, పడుకోలేనండీ అని అంత తేలిగ్గా అన్న ఆ నోటి మీద మరీ కుళ్ళు.

పొద్దున ఆమె వంటింట్లోకి వెళ్ళేసరికి భర్త పొయ్యి దగ్గర ఉన్నాడు. కాఫీ పెడుతున్నాడు. చక్కెర డబ్బా ఎక్కడుందో వెతుక్కుని, ఎదురుగా ఉన్నదాన్ని చివరికి కనిపెట్టి, పొంగిన పాలు తుడిచి, కప్పు పట్టుకుని బయటికి నడిచాడు. వెనకాలే ఆమె వెళ్ళింది, ఈ వింత ఎందాకా పోతుందో చూద్దామని.

"నిద్ర బాగా పట్టిందాండీ?" అన్నాడు కప్పు రాత్రి మనిషికి అందిస్తూ.

ఆ అయిదు సెకన్ల మాట తను పెళ్ళైనప్పట్నుంచీ వినలేదని ఆమెకి గుర్తొచ్చింది. పెద్ద కోరికేం కాదు. ఎవరైనా అడిగుంటే బాగానే పట్టిందని అబద్ధమే చెప్పేది కూడా.

"కొత్త చోటు కదండీ, సగం సగం" అంది రాత్రి మనిషి. "మొద్దు హాయిగా పడుకున్నాడు. కానీ రాత్రి ఎవరో చాలాసార్లు లేచి తిరిగారు. ఒకసారి దొంగేమోనని నేనూ లేచాను."

అందరూ నవ్వారు. "దొంగ కాదమ్మా, మా కోడలు. నన్ను బాత్రూముకి తీసుకెళ్ళింది. దానికి మొదట్నుంచీ నిద్ర తక్కువే" అన్నారు అత్తగారు.

"అయితే పగలు పడుకుంటారా?"

"పగలు దుకాణానికి వెళ్తుందిగా" అంది కూతురు.

"మరి ఎప్పుడు పడుకుంటారు?"

అది గట్టి ప్రశ్నేం కాదు, మర్యాదకి అడిగినట్టే అడిగింది. కూతురు తల్లి మొహంలోకి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. భర్త గొంతు సవరించుకుని, "ఇంకో కాఫీ తీసుకుంటారాండీ?" అన్నాడు రాత్రి మనిషితో.

కాసేపటికి రాత్రి మనిషి కప్పు కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చింది. ఇల్లు తనకి నచ్చిందని, వారమంతా ఉంటానని చెప్పింది. మాత్ర సంగతి ఆమె అప్పుడు చెప్పేసింది. "నిన్న మీకు అబద్ధం చెప్పాను. వాడు చేత్తో ఇస్తే మింగడు. నిన్నేదో మీరు కొత్త కాబట్టి మింగాడు. ఇవాళో రేపో ఉమ్మేస్తాడు, అరటిపండులో పెట్టండి." చెప్పి ఊరుకోలేక, కుళాయి కట్టేసి, "మిమ్మల్ని చూస్తే కుళ్ళుగా ఉంది నాకు. ఏమీ అనుకోకండి. నిన్నట్నుంచీ కడుపు మండిపోతోంది" అంది.

రాత్రి మనిషి నవ్వలేదు. "మా ఇంటికొచ్చి చూడండి ఒకసారి" అంది. "నా మంచం మీద ఉతికిన బట్టలన్నీ గుట్టేసి ఉంటాయి. నేనెప్పుడొచ్చి మడతపెడతానా అని మా అత్తగారూ, ఆయనా ఎదురుచూస్తుంటారు. అక్కడ నన్నెవరూ కాఫీ కావాలా అని అడగరు. దీనిమీద పడుకోలేనండీ అని అక్కడ అనగలనా? ఇలా మీ ఇళ్ళకొచ్చి అంటాను. అందుకే రాత్రి పని ఏదొచ్చినా ఒప్పేసుకుంటాను."

అంతలో రాత్రి మనిషి ఫోను మోగింది. "లేదండీ, ఆ వారం ఇక్కడ మాటిచ్చేశాను. ఇంకెవరైనా ఉంటే చెప్తాను" అని పెట్టేసింది. "పళ్ళ డాక్టరమ్మ. రెండు వీధుల అవతల ఇల్లు. సరిగ్గా మీ వారమే ఆవిడా ఊరెళ్తోంది. రెండు పిల్లులు. పిల్లులకి రాత్రిపూట మనతో పనేం ఉండదు, ఇంట్లో మనిషుందని తెలిస్తే వాటికి చాలు. మేడ మీద గది ఇస్తుంది, తలుపేసుకుని పడుకోవచ్చు. మంచి ఇల్లు, వదులుకోవాల్సి వచ్చింది."

"మళ్ళీ ఫోను చెయ్యండి. నేను మాట్లాడతాను" అంది ఆమె.

"మీరు ఊళ్ళో ఉండరుగా?"

"ఉంటాను."

ఖాళీ కప్పులు పట్టుకుని లోపలికొస్తున్న భర్త ఆ మాట విని ఆగాడు. విషయం అర్థం కావడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, "ఏంటిది, పరాయి వాళ్ళింట్లో పడుకుంటావా? పిల్లుల కోసమా? మరి అక్కడ అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు.

"అక్కడ మీ చెల్లెలుంటుంది, మన అమ్మాయి ఉంటుంది, మీరుంటారు. అత్తయ్యగారికి పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. అది నా చెయ్యే కానక్కర్లేదు" అంది.

"నీకేమైనా పిచ్చా? కొండ మీదికి తీసుకెళ్తానంటే..."

రాత్రి మనిషి అప్పటికే ఫోను కలిపి, రెండు మాటలు చెప్పి, ఆమె చేతికిచ్చింది. అవతల డాక్టరమ్మ గొంతు గబగబా, పనిలో ఉన్న మనిషి గొంతు. "పిల్లులంటే భయం లేదు కదండీ?"

"లేదండీ."

"నాకు మాత్రం రాత్రుళ్ళు తప్పకుండా ఉండాలి. పగలు మీ పని మీరు చూసుకోండి, ఫర్వాలేదు. ఇదివరకు ఎవరింట్లోనైనా ఇలా ఉన్నారా?"

"ఉన్నానండీ. ఒక్క ఇంట్లోనే, చాలా ఏళ్ళుగా. ఒక కుక్క, ఒక పెద్దావిడ."

"అలాగా. ఏమీ అనుకోకండి, కొత్తవాళ్ళని ఇంట్లో పెట్టేముందు పాత ఇంటివాళ్ళతో ఒక మాట మాట్లాడటం నాకలవాటు. వాళ్ళు మీ గురించి చెప్తారా?"

"చెప్తారండీ. ఆ ఇంటాయన ఇక్కడే ఉన్నారు" అని ఆమె తడి చెయ్యి చీరకి తుడుచుకుని, భర్త చేతుల్లోంచి కప్పులు తీసుకుని, వాటి బదులు ఫోను పెట్టింది.

"నేను రాత్రుళ్ళు ఇల్లు ఎలా చూసుకుంటానో అడుగుతున్నారు. చెప్పండి."